వాల్యూమ్, ఎత్తు తెలిస్తే సిలిండర్ రేడియస్ ఎలా కనుక్కోవాలి?

వాల్యూమ్‌ని ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని పై (π) విలువ 3.14తో భాగించి, చివర్లో స్క్వేర్ రూట్ తీస్తే రేడియస్ వచ్చేస్తుంది. సిలిండర్ అంటే ఒకే సైజు గుండ్రటి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టే కదా, అందుకే ఎత్తుతో భాగించగానే అడుగు వైశాల్యం బయటపడుతుంది, ఆ వైశాల్యమేమో పై ఇంటూ రేడియస్ స్క్వేర్.

ఉదాహరణకి 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు, లోపల ఎత్తు 100 సెం.మీ. అనుకోండి, 1000 లీటర్లంటే 10,00,000 ఘన సెం.మీ. (లీటర్లని ముందే ఇలా మార్చుకోవాలి), 100తో భాగిస్తే 10,000, దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 3,185, రూట్ తీస్తే సుమారు 56.4 సెం.మీ.

చాలామంది 3,185 దగ్గరే ఆగిపోయి అదే రేడియస్ అనుకుంటారు, కానీ అది రేడియస్ స్క్వేర్, ఇంకొంతమంది రూట్ బదులు సగం చేసేస్తారు, అదీ తప్పే.