స్వపరాగ సంపర్కం చేసుకునే అడవి ఓట్స్ కొత్త నేలకు ఎలా అలవాటు పడింది?

రాయగడ నుంచి అడిగారు కాబట్టి మీకు తెలిసిన నివ్వరితోనే, అంటే అడవి వరితోనే మొదలుపెడతాను. పండిన గింజ వెంటనే రాలిపోవడం వల్లే అది కోతకు చిక్కదు, మళ్లీ మొలుస్తుంది. సన్న అడవి ఓట్స్ (అవేనా బార్బాటా) గింజ కూడా అలాగే రాలుతుంది. పైగా గింజకున్న ముల్లులాంటి పొడవాటి పోగు తేమ మారినప్పుడల్లా మెలితిరిగి గింజను మట్టిలోకి దించుతుంది.

దీని సొంత ప్రాంతం మధ్యధరా తీరం. స్పానిష్ వలసలతో కాలిఫోర్నియా చేరింది. జన్యు తేడాలు తెలుసుకోవడానికి అక్కడి మొక్కల ఎంజైముల తేడాలను శాస్త్రవేత్తలు క్లెగ్, అల్లార్డ్ 1972లో చూశారు. వేడి, పొడి చోట్ల ఒక జన్యు కూర్పు, చల్లని తేమ చోట్ల ఇంకొకటి ఎక్కువగా కనిపించాయి. స్వపరాగం వల్ల, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టడం వల్ల, కుదిరిన కూర్పు చెదరకుండా తర్వాతి తరానికి వెళ్తుంది. ఈ మొక్కకున్న 28 క్రోమోజోములు (జన్యువులుండే పోగులు) నాలుగు సెట్లుగా ఉంటాయి కాబట్టి, ఒకే మొక్కలో ఒక జన్యువుకు వేర్వేరు రూపాలు నిలిచిపోగలవు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అరుదైన పరపరాగం, అంటే వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టడం. పొడి చోటి, తేమ చోటి రకాలను సంకరం చేసి చూస్తే సంకరాల్లో చాలావరకు బలహీనపడ్డాయి, కొన్ని మాత్రం తల్లిదండ్రులిద్దరినీ మించాయి.