అమ్మలూ, ఆ బాక్స్ కొనేముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అమ్మాయి విజయవాడలో స్టూడియో తీస్తోంది అన్నయ్యా, పెళ్లిళ్ల ఫోటోలూ వీడియోలూ దాచుకోడానికి రెండు హార్డ్ డిస్కులు పట్టే నాస్ బాక్స్ (స్టూడియోలో కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె) ఒకటి చూసి పెట్టుకుందట, ఒక డిస్క్ పోయినా రెండోది ఉంటుంది కాబట్టి ఇక బ్యాకప్ గురించి టెన్షనే లేదంటోంది అన్నాడు. స్టూడియో అనగానే పెద్దమ్మని నిద్రలేపి మరీ చెప్పాను. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద స్టూల్ మీద నిలబడి, ట్రేలో కాగితం మీద మొహం తేలుతుంటే "పెదనాన్నా, వచ్చేశాడు, వచ్చేశాడు" అని అరిచే పిల్లవి, ఇప్పుడు నీ బోర్డు నువ్వే కట్టుకుంటున్నావు. సంతోషంగానే పడుకున్నా కానీ ఆ చివరి మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అదే మాట, దాదాపు అవే పదాలతో, 2011లో నేను అన్నాను. ఫోన్‌లో చెప్తే సగం వింటావు, మిగతా సగానికి "సరే పెదనాన్నా" అంటావు. అందుకే రాస్తున్నా.

ముందు తేలిక విషయాలు చెప్పేస్తా. రెండు స్లాట్లది వద్దు, నాలుగు స్లాట్లది తీసుకో. లెక్క నువ్వే వేసి చూడు. ఒక పెళ్లికి నాలుగు వేల రా ఫోటోలు (కెమెరా ఇచ్చే అసలు ఫైళ్లు), ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే 120 జీబీ. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే ఒక్క కెమెరాకి గంటకి 45 జీబీ, రెండు కెమెరాలు చెరో ఐదు గంటలు నడిస్తే 450. అంటే పెళ్లికి దగ్గర దగ్గర 600 జీబీ. 8 టీబీవి రెండు డిస్కులు మిర్రర్‌లో, అంటే రెండింట్లోనూ ఒకే డేటా పడేలా పెడితే నీకు దక్కేది ఒక్క 8 టీబీయే, అదీ కంప్యూటర్‌లో 7.27 అని చూపిస్తుంది, 13 పెళ్లిళ్లకి నిండిపోతుంది. ఒక్క మాఘమాసం, ఒక్క వైశాఖం చాలు. నాలుగు స్లాట్ల దాంట్లో ముందు 12 టీబీవి రెండు పెట్టుకుని, డబ్బులు చేతికొచ్చాక మూడోది కలుపుకో. మీ నాన్న ఎరువుల కొట్టు టాలీ డేటా లాంటిదైతే రెండు స్లాట్ల చిన్న బాక్స్ ఎక్కువే, నీ పని వేరు.

కంపెనీ సైనాలజీ అయినా, క్యూనాప్ అయినా, ఆసుస్టర్ అయినా నాకు పట్టింపు లేదు. నాకు అలవాటైంది సైనాలజీ. కాకపోతే కొనేముందు ఆ మోడల్‌లో ఏ డిస్కులు పనిచేస్తాయో కంపెనీ లిస్టు చూడు. 2025లో సైనాలజీ తన కొత్త ప్లస్ మోడళ్లలో ఎక్కువగా తన సొంత డిస్కులే వాడాలన్నట్టు షరతు పెట్టి, జనం గోల చేస్తే అదే ఏడు అక్టోబరులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వెనక్కి తీసుకుంది. డిస్కులు నాస్ కోసం చేసినవే కొను, అవి సీఎంఆర్ రకమో (డేటా రాసే వరసలు, అంటే ట్రాకులు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఉండేవి) కాదో చూసి కొను. ఎస్ఎంఆర్ అనే ఇంకో రకం ఉంది, అందులో ట్రాకులు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా ఎక్కించి ఉంటాయి కాబట్టి చెడిపోయిన డిస్క్ మార్చి కొత్తదాన్ని నింపేటప్పుడు రోజుల తరబడి సాగదీస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని అలాంటివని, అది బాక్స్ మీద చెప్పలేదని బయటపడి పెద్ద రభస అయింది. ఇప్పుడు రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ లాంటివి సీఎంఆర్. రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొనకు, ఒకే బ్యాచ్‌వి వస్తే ఒకేసారి ముసలివవుతాయి. పెట్టగానే, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ఎన్ని గంటలు నడిచిందో చూడు, కొత్త డిస్క్‌లో అది సున్నా దగ్గరే ఉండాలి.

ఇక అసలు సంగతి.

2011లో తెనాలి స్టూడియోలో రెండు 2 టీబీ డిస్కుల బాక్స్ పెట్టాను. అప్పటిదాకా డీవీడీలు రాసుకుని బీరువాలో పెట్టేవాణ్ని. బాక్స్ వచ్చాక డీవీడీలు మానేశాను. రెండు డిస్కులు, రెండు కాపీలు, ఇంకేం కావాలి అనుకున్నా. 2012 సెప్టెంబరు నీకు గుర్తుండదు, రాష్ట్రమంతా పవర్ హాలిడేలు, రోజుకి ఎన్నిసార్లు కరెంటు పోయేదో లెక్కే లేదు. యూపీఎస్ పొద్దస్తమానం బీప్ బీప్ మంటూనే ఉండేది. ఒకరోజు సాయంత్రం కరెంటు వచ్చాక కూడా ఆ బీప్ ఆగలేదు. పెళ్లివాళ్లు కూర్చుని ఆల్బమ్ డిజైన్లు చూస్తున్నారు, నాకు చిరాకేసి వెనక గదిలోకి వెళ్లాను. అరుస్తున్నది యూపీఎస్ కాదు, బాక్స్. వెనకాల చిన్న బటన్ ఉంటే నొక్కాను. ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని వచ్చి మళ్లీ వాళ్ల ముందు కూర్చున్నాను.

ఆరోజు అది చెప్తున్నదేమిటంటే, ఒక డిస్క్ చచ్చిపోయింది, మార్చు అని. నేను నోరు మూయించాను. ముందువైపు ఆకుపచ్చ లైటు నారింజ రంగులోకి మారింది, అదీ చూశాను, ఎప్పుడూ అలాగే ఉండేదేమో అనుకున్నాను. దసరాకి ఆయుధ పూజ రోజు కెమెరాలతో పాటు దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఆ బొట్టుకి బెత్తెడు దూరంలో ఆ లైటు వెలుగుతూనే ఉంది. అది ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంది అమ్మలూ. ఎనిమిది నెలలు మొత్తం డేటా ఒక్క డిస్క్ మీద నడిచింది. ఆ ఎనిమిది నెలల్లో ఏ రోజైనా ఒక కొత్త డిస్క్ తెచ్చి పెట్టి ఉంటే సరిపోయేది, ఐదారు వేల ఖర్చు.

2013 మే నెల, వడగాలులు, గదిలో ఏసీ లేదు. పొద్దున్నే షట్టర్ తీసేసరికి లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడు, గోడగడియారం లాగా. రెండో డిస్క్. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మూడు వారాలు ఉంచుకుని, లోపల ప్లేటు గీసుకుపోయింది, ఏమీ రాదు అని తిప్పి ఇచ్చారు. అందులో పదకొండు పెళ్లిళ్లు ఉన్నాయి. ఎనిమిదింటికి అప్పటికే ఆల్బమ్‌లు ఇచ్చేశాను. రెండు పెళ్లిళ్ల కెమెరా మెమరీ కార్డులు అదృష్టం కొద్దీ ఇంకా ఫార్మాట్ చేయలేదు. మిగిలిన ఒక్కదానికి ఏమీ లేదు.

ఆ అమ్మాయి నాన్న వేమూరు వైపు రైతు. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ప్రింటింగ్‌లో ఉంది, వచ్చే వారం అని ఆరు వారాలు అబద్ధం చెప్పాను. డిస్క్ పోవడం కన్నా నేను ఎక్కువ సిగ్గుపడేది దానికే. చివరికి వెళ్లి చెప్పాను. ఫ్లెక్సీ కోసం, శుభలేఖ కార్డు కోసం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫోటోలూ, చుట్టాల ఫోన్లలో తీసినవీ కలిపితే అరవై మూడు దొరికాయి. వాటితోనే చిన్న ఆల్బమ్ చేయించి పట్టుకెళ్లాను. తలంబ్రాలు ఒక్కటే ఉంది, జీలకర్ర బెల్లం లేదు, అప్పగింతలు లేవు. ఆయన అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నెమ్మదిగా తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. తర్వాత లోపలికెళ్లి బాకీ ఉన్న డబ్బు తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను వద్దన్నాను. "పని చేశారుగా, ఉంచండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ డబ్బు అరుగు మీదే వదిలేసి వచ్చేశాను. తర్వాత ఆ ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే ఇప్పటికీ అటు చూడలేను.

పాత నెగెటివ్‌లు నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నాయి. అవి పాడయ్యేముందు చెప్తాయి, మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొడుతుంది, బూజు చుక్కలు కనిపిస్తాయి, ఇంకా ప్రింటు తీసుకునే టైముంటుంది. డిస్క్‌కి వాసన ఉండదు. దానికి ఉన్నదల్లా ఆ బీపూ, ఆ లైటూ, ఇప్పుడైతే ఫోన్‌కి వచ్చే అలర్టూ. అందుకే బాక్స్ పెట్టిన మొదటి గంటలో, ఇంకేమీ చేయకముందే, అలర్టులు ఈమెయిల్‌కీ ఫోన్‌కీ వచ్చేలా సెట్ చేసుకో. నీకూ, స్టూడియోలో నీతో ఉండే నీ స్నేహితురాలికీ. ఆ లైటు కనబడేచోట పెట్టు, గుడ్డ కప్పకు. నెలకోసారి డిస్కుల టెస్టు దానంతటదే నడిచేలా పెట్టు.

ఇంకోటి సరిగ్గా విను. మిర్రర్ అనేది బ్యాకప్ కాదు. రెండో డిస్క్ మొదటిదానికి అద్దం, ఎడిటింగ్ కుర్రాడు ఖాళీ కోసం పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే అద్దంలో కూడా అదే క్షణాన చెరిగిపోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకి తాళం వేస్తే రెండింట్లోనూ పడుతుంది. ఒక డిస్క్ చచ్చినా ఆరోజు పని ఆగకుండా ఉండటానికే అది. చెరిపినవి వెనక్కి రావాలంటే స్నాప్‌షాట్‌లు (ఏ సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో బాక్స్ గుర్తుపెట్టుకునేవి) ఆన్ చెయ్, కనీసం నెలరోజులవి ఉంచు. అన్ని మోడళ్లలో అది ఉండదు, కొనేముందే అడుగు. బాక్స్ మొత్తం పోతే తెచ్చుకోడానికి బయట ఇంకో కాపీ కావాలి. మూడు కాపీలు, రెండు రకాల వాటిలో, ఒకటి వేరే చోట అని 3-2-1 సూత్రం ఒకటుంది కదా, దాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫరే. మన పనివాడే. మన బాధ తెలిసినవాడు.

వేరే చోట అంటే పక్కగది కాదమ్మా. నీ స్టూడియో సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అన్నాడు మీ నాన్న. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అక్కడ నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నాతో పాటు పనిచేసినవాడికి అక్కడే ల్యాబ్ ఉండేది, కంప్యూటర్లు బల్ల మీద పెట్టి ప్రాణాలు దక్కించుకుని మేడెక్కాడు, దిగేసరికి బల్లే కనబడలేదు. బాక్స్ మేడ మీద గదిలో పెట్టు, అద్దె కాస్త ఎక్కువైనా సరే. రెండు పెద్ద యూఎస్‌బీ డిస్కులు కొని వాటిలో బాక్స్ డేటా కాపీ చెయ్, ఒకటి నీ దగ్గర, ఇంకోటి తెనాలిలో మీ నాన్న బీరువాలో, పదిహేను రోజులకోసారి మార్చుకో. ఇంటికి రావడానికి అదొక వంక కూడా అవుతుంది. అంతా క్లౌడ్‌కి పంపుతానంటావేమో, 100 ఎంబీపీఎస్ లైను మీద 600 జీబీ ఎక్కాలంటే ఆగకుండా నడిచినా 13 గంటలు పైనే. ఫైనల్ ఆల్బమ్‌లూ ఎడిట్ అయిన వీడియోలూ మాత్రం పంపు.

యూపీఎస్ తప్పకుండా పెట్టు, దాని యూఎస్‌బీ వైరు బాక్స్‌కి కలుపు. కరెంటు పోయి బ్యాటరీ తగ్గితే బాక్స్ తనంతట తను సరిగ్గా మూసుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటావు, మామూలు ఇన్వర్టర్ బాక్స్‌తో మాట్లాడలేదు.

పెళ్లివాళ్లు ఇంటి నుంచి ఫోటోలు చూసుకుంటారని బాక్స్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూనాప్ బాక్సుల్లోకి దూరి ఫైళ్లన్నిటికీ తాళం వేసి, ఒక్కొక్కరినీ 0.03 బిట్‌కాయిన్ అడిగింది. వాళ్లకి చూపించాల్సినవి వేరే గ్యాలరీ సర్వీసులో పెట్టు. నీకు బయటనుంచి కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో నీకు మాత్రమే ఉండే సొంత దారి) వాడు. అడ్మిన్ అనే పేరుతో ఉన్న ఖాతా ఆపేయ్, ఫోన్‌కి కోడ్ వచ్చేలా పెట్టు, అప్‌డేట్‌లు వాయిదా వేయకు.

నెలకోసారి బయటి కాపీలోంచి ఏదో ఒక పెళ్లి తీసి నాలుగు రా ఫైళ్లు తెరిచి చూడు. ఫోల్డర్ కనబడితే సరిపోదు, ఫోటో తెరుచుకోవాలి. కార్డు ఫార్మాట్ చేసేది రెండు వేర్వేరు చోట్ల కాపీ చూసుకున్నాకే, ఎంత హడావిడి పెళ్లి అయినా. కార్డులు ఇంకో నాలుగు ఎక్కువ కొనుక్కో, డబ్బులు నేనిస్తా. మీ నాన్నకి చెప్పకు, వద్దంటాడు.

వచ్చే ఆదివారం పొద్దున్న ప్యాసింజర్‌కి వస్తున్నా. బాక్స్ అప్పటికి వస్తే డేటా ఏమీ ఎక్కించకుండా డిస్కులు పెట్టి సెటప్ మాత్రం చేసి ఉంచు. అలర్టుల్లో మూడో ఈమెయిల్‌గా నాది రాయి. తర్వాత నడుస్తుండగానే ఒక డిస్క్ బయటికి లాగుదాం, అది ఎలా అరుస్తుందో నువ్వూ, నీ స్నేహితురాలూ, పనిచేసే పిల్లలూ అందరూ ఒకసారి వినాలి, నా ఫోన్‌కి ఈమెయిల్ వచ్చిందో లేదో నేనూ చూసుకుంటా. అప్పటిదాకా మొన్న తీసిన పెళ్లి కార్డులు ఫార్మాట్ చేయకు.

మీ పెదనాన్న