తప్పు రికార్డు కాదు, సగం రికార్డు

విశాఖ జగదాంబ కూడలి దగ్గర మీరు కొన్న పాత రికార్డు లేబుల్ మీద అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ పేరుంటే ఆడగొంతు వినిపిస్తోంది, మోసపోయానా అని అడిగారు. లేదండీ. పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేది రాసినవారి పేరు. పాడింది అమెరికన్ గాయని జోన్ బేజ్. మీరు కొన్న ‘ఎనీ డే నౌ’ (1968) ఆల్బమ్‌లో ఆమె పాడినవన్నీ డిలన్ పాటలే. అయితే అది రెండు రికార్డుల ఆల్బమ్. మీకు ఒక్కటే వచ్చిందంటున్నారు కాబట్టి అట్ట లోపల మరోసారి చూడండి, లేకపోతే ధర తగ్గించమని అడగండి.

రికార్డు మీద ఉన్నాయన్న తెల్ల మచ్చలు మన సముద్రపు తేమకు పట్టిన బూజు. పాటలో వస్తోందన్న గరగర దానివల్లే కావచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవనివ్వకండి. ఆరబెట్టేది నీడలోనే, బాల్కనీ ఎండకు నా రికార్డొకటి అప్పడంలా వంగింది.