పది నిమిషాల్లో కనిపించని దెబ్బ

ప్రశ్న: రెండేళ్ల క్రితం ప్రమాదంలో మావారి తలకు దెబ్బ తగిలింది. నడక, మాట బాగానే ఉన్నాయి. కానీ పొయ్యి ఆర్పడం మరచిపోతారు, చెప్పందే స్నానానికి లేవరు. వైకల్య సహాయం కోసం వెళితే, అడిగిన ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబిచ్చారు. ఆసుపత్రి కాగితంలో ‘స్వల్ప గాయం, స్కోరు 14’ అని ఉంది. దరఖాస్తు తిరస్కరించారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ తిరస్కరణ లేఖ తీసి, అప్పీలుకు గడువు ఎప్పటివరకు ఉందో చూడండి. మిగతాది తరవాత చదవవచ్చు.

మా తమ్ముడి విషయంలోనూ ఇదే జరిగింది. ఇస్త్రీ చొక్కా తొడిగించి, తేదీ, వారం దారిపొడవునా వల్లె వేయించి తీసుకెళ్లాను. నా పరువు కోసం! వాడు అన్నీ సరిగ్గా చెప్పాడు, సహాయం చేజారింది.

ఆ 14 గ్లాస్గో కోమా స్కేలు ప్రకారం వేసిన అంకె. 1974లో వచ్చిన ఈ కొలతలో కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు వేస్తారు. 13, ఆపైన ‘స్వల్పం’. అది దెబ్బ తగిలిననాటి స్పృహను కొలిచింది, ఇవాళ్టి మీ ఇంటి పరిస్థితిని కాదు. స్కానులో ఏమీ లేదన్నా బెదరకండి, తెగిన నరాల తంతువులు సీటీలో కనిపించకపోవచ్చు.

మెదడు దెబ్బ ఆలోచన మీద చూపే ప్రభావాన్ని పరీక్షించే న్యూరోసైకాలజిస్టు చేత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించి నివేదిక తీసుకోండి. అదొక్కటే చాలదు. పనిని తనంతట తాను మొదలుపెట్టించేది మెదడు ముందుభాగం. ఎదుట కూర్చున్నవారు ఒక్కో ప్రశ్నే అడుగుతుంటే, ఆ పని వాళ్లే చేసిపెట్టినట్టు. అందుకే పరీక్ష గదిలో బాగుంటారు, ఇంట్లో అలా ఉండలేరు. వీలైతే రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో పరిశీలించే ఆక్యుపేషనల్ థెరపిస్టును ఇంటికే రప్పించి చూపించండి.

రెండు వారాలు డైరీ రాయండి. ‘మరచిపోతారు’ అంటే ఎవరికీ పట్టదు. ‘మంగళవారం నాలుగుసార్లు చెప్పాక స్నానానికి లేచారు, పొయ్యి నేనే ఆర్పాను’ అని రాయండి. ఫారంలో ‘వంట చేయగలరా?’ అని ఉంటే, పక్కన ఎవరూ లేకుండా, ప్రమాదం లేకుండా, రోజూ చేయగలరా అన్నదానికి జవాబు రాయండి.

ఆయన ఎదుట ఇవి చెప్పడానికి నోరు రాకపోతే విడిగా మాట్లాడే సమయం అడగండి. మా తమ్ముడు ఇప్పటికీ తనకేమీ కాలేదనే అంటాడు. అబద్ధమాడటం లేదు, లోపం తనకు తెలియకపోవడమూ ఆ గాయంలో భాగమే. డైరీ మాత్రం ఆయన కంటపడనీయకండి. నేను ఒకసారి బల్లమీద వదిలేశాను, వాడు వారంపాటు నాతో మాట్లాడలేదు.