ఏసీలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టను కాయిల్ అంటారు. ఆ కాయిల్‌లోకి వేడి గాలి వస్తే కూలింగ్ కెపాసిటీ, అంటే వేడిని లాగే సామర్థ్యం, తగ్గుతుందా, పెరుగుతుందా?

పెరుగుతుంది. చాలామంది తగ్గుతుందనే అనుకుంటారు. గది ఇంకా చల్లబడలేదు కాబట్టి ఏసీ సరిగ్గా పనిచేయడం లేదనిపిస్తుంది, కానీ కాయిల్ ఎక్కువ వేడిని లాగేది అప్పుడే.

వేడి ప్రవహించడానికి కారణం గాలికీ కాయిల్‌కీ ఉన్న ఉష్ణోగ్రత తేడా. చిల్డ్ వాటర్ కాయిల్‌లోకి (గొట్టాల్లో చల్లటి నీళ్లు పారే కాయిల్) 7 డిగ్రీల నీళ్లు వస్తున్నాయనుకోండి. గాలి 27 డిగ్రీల్లో వస్తే తేడా 20, గాలి 24కి పడితే తేడా 17. గాలి, నీటి ప్రవాహాలు మారకుండా, కాయిల్ మీద తేమ పట్టకుండా ఉంటే కెపాసిటీ కూడా అదే లెక్కన, అంటే 15 శాతం తగ్గిపోతుంది.

తేమ పడుతుంటే మాత్రం చూడాల్సింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది; గాలిలో తేమ ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది. అందుకే స్ప్లిట్ ఏసీల రేటింగ్‌లో లోపలి గాలికి 27 డ్రై బల్బ్ (మామూలు థర్మామీటర్ చూపేది), 19 వెట్ బల్బ్ అని రెండూ ఇస్తారు. విశాఖ ఉక్కపోతలో డ్రై బల్బ్ అదే 27 ఉన్నా వెట్ బల్బ్ 23 ఉండొచ్చు. అప్పుడు కాయిల్ మొత్తం కెపాసిటీ పెరుగుతుంది, కానీ అందులో పెద్ద వాటా ఆవిరిని నీళ్లుగా మార్చడానికే పోతుంది. డ్రెయిన్ పైపులో నీళ్లు ధారగా కారుతుంటాయి, గది ఉష్ణోగ్రత మాత్రం మెల్లగా దిగుతుంది.

స్ప్లిట్ ఏసీలో ఇంకో సంగతి. గాలి వేడిగా వస్తే సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వెళ్లే గ్యాస్ ప్రెషర్) పెరిగి, కంప్రెసర్ ఎక్కువ గ్యాస్‌ను తిప్పుతుంది, కరెంటూ ఎక్కువ లాగుతుంది. గాలి మరీ చల్లగా వస్తే ప్రెషర్ పడిపోయి కాయిల్ మీద మంచు కడుతుంది. కాబట్టి గ్యాస్ ప్రెషర్ చూసేటప్పుడు రిటర్న్ గాలి (గది నుంచి ఏసీలోకి తిరిగి వచ్చే గాలి) ఉష్ణోగ్రత కూడా తప్పకుండా రాసుకోండి.