పూల పక్కన పండ్లు పెట్టకు బిడ్డా

హైదరాబాద్

చి. బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

నీ పూల షాపు నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన కార్నేషన్ పూల ఫొటోలు చూశాను. నీళ్లు మార్చావు, కాడ కొసలు కోశావు, పంచదార కూడా వేశావు, అయినా రెండో రోజుకే పూలన్నీ ముడుచుకుపోయాయి. సరుకు పంపినవాడితో గొడవకు దిగే ముందు, ఫొటోలో ఆ మూలన కనిపిస్తున్న మామిడిపండ్ల ట్రేల సంగతి చెప్పు. అద్దె కలిసొస్తుందని కోల్డ్ రూమ్‌ను పక్క పండ్ల షాపాయనతో పంచుకున్నావు కదా, నీ నష్టం అక్కడే ఉంది.

పండు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. అది కంటికి కనబడదు, ఆ మోతాదులో వాసనా తెలియదు. కాయను మాగమనీ, పువ్వును వాడిపొమ్మనీ చెప్పే హార్మోన్ ఇదే. పది లక్షల పాళ్ల గాలిలో ఇది ఒక్క పాలు ఉన్నా చాలు, ఒకటి రెండు రోజుల్లో కార్నేషన్ పని అయిపోతుంది. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం కాబట్టి, రైపెనింగ్ ఛాంబర్లలో, అంటే పండ్లు మాగబెట్టే గదుల్లో, ఇథిలీన్ గ్యాసే పెడతారు. మన ఆహార భద్రతా నియమాలు 100 పీపీఎం దాకా, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్ల దాకా ఒప్పుకుంటాయి. పండుకు అది మంచి పద్ధతే, నేను తప్పుపట్టను. కానీ నీ పువ్వు తట్టుకోలేని మోతాదుకు అది వంద రెట్లు. పైగా ఛాంబర్‌లో నుంచి బయటికొచ్చాక మాగుతున్న పండు సొంతంగా కూడా ఇథిలీన్ వదులుతూనే ఉంటుంది.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన విషయం కాదు. బొగ్గు గ్యాస్‌తో వీధి దీపాలు వెలిగించే రోజుల్లో, పైపులు లీకైన చోట చెట్లు ఆకులు రాల్చేసేవి. ఆ గ్యాస్‌లో మొక్కల్ని దెబ్బతీసేది ఇథిలీనేనని 1901లో నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రవేత్త బఠానీ మొలకల మీద తేల్చాడు. 1908లో క్రాకర్, నైట్ అనే ఇద్దరు అమెరికాలో కార్నేషన్ల మీదే దీన్ని చూపించారు.

ఇంకో చిక్కుంది. బయటి ఇథిలీన్ తగలగానే కార్నేషన్ తనూ తయారు చేయడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత నువ్వు పండ్లను తీసేసినా ఆ పువ్వు ఆగదు, పక్క పువ్వును కూడా లాగుతుంది. అందుకే బకెట్‌లో వాడిన పువ్వు కనిపిస్తే సాయంత్రం దాకా చూడకుండా అప్పుడే తీసి బయట పారెయ్.

అలాగని ప్రతి నష్టాన్నీ దీని మీదికి నెట్టకు. ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూడు. కాడ నిటారుగా ఉంది, ఆకు పచ్చగా ఉంది, రేకులు మాత్రం అంచుల నుంచి లోపలికి చుట్టుకున్నాయి. అది ఇథిలీన్ గుర్తు. నీళ్లు అందకపోతే కాడా ఆకూ కూడా డీలా పడేవి. జెర్బెరా మెడ వాల్చిందంటే చాలాసార్లు బకెట్ కడగక, బ్యాక్టీరియా కాడను మూసేసిందని అర్థం. జెర్బెరా, చామంతి, బంతి ఈ గ్యాస్‌ను పెద్దగా పట్టించుకోవు. దసరాకు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బస్తాల్లో తెచ్చే బంతి పాడైతే, వేడినీ తడినీ అనుమానించు. గులాబీ రకాన్ని బట్టి ఉంటుంది. టెన్షన్ పడాల్సింది కార్నేషన్, ఆర్కిడ్, డెల్ఫీనియం, స్నాప్‌డ్రాగన్ విషయంలోనే. ఆర్కిడ్ పెట్టె విప్పగానే పువ్వు మధ్యలో పుప్పొడి మీదుండే చిన్న మూత చూడు. రాపిడికి అది ఊడిందంటే, చాలా రకాల్లో ఆ పువ్వు సొంతంగా ఇథిలీన్ వదిలి త్వరగా వాడిపోతుంది. అలాంటివి పెళ్లి స్టేజి ముందువరసకు వాడకు.

సరుకు కొనేటప్పుడు ఎస్‌టీఎస్ పట్టించారా అని తప్పకుండా అడుగు. సిల్వర్ థయోసల్ఫేట్ ద్రావణం అది. కోసిన వెంటనే తోట దగ్గరే కాడలకు పట్టిస్తే, ఇథిలీన్ చెప్పే మాట పువ్వుకు వినబడకుండా వెండి అడ్డుపడుతుంది. నీ షాపులో కలిపే పని పెట్టుకోకు, మిగిలిన వెండి నీళ్లు డ్రైనేజీలో పోయకూడదు. 1-ఎంసీపీ అనే గ్యాస్ కూడా ఇదే పని చేస్తుంది కానీ, దానికి గాలి చొరబడని గది కావాలి. నువ్వున్న చోట అది కుదరదు. పర్మాంగనేట్ ప్యాకెట్లు వేలాడదీస్తే కొంత ఇథిలీన్‌ను పీల్చుకుంటాయి. ఊదారంగు పోయి గోధుమరంగుకు తిరిగితే మార్చాలి. నన్నడిగితే వాటికి పెట్టే డబ్బు కన్నా రోజూ కాసేపు తలుపు తీసి గాలి మార్చడం మేలు. చల్లదనం కూడా సగం కాపాడుతుంది. అయితే కార్నేషన్‌కు సున్నా దగ్గర చలి బాగుంటుందని బ్యాంకాక్ ఆర్కిడ్‌లనూ అందులోనే పెట్టకు, అవి పది డిగ్రీల కిందకు దిగితే దెబ్బతింటాయి.

ఫంక్షన్ హాల్లో జనరేటర్ పొగ, ఆగి ఉన్న వ్యాన్ పొగ తగిలే చోట పూలు దింపించకు. పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. తాంబూలం బుట్టల్లో ద్రాక్ష, బత్తాయి ఉంటే పర్వాలేదు. అరటి, ఆపిల్, జామ, మామిడి బుట్టల్ని మాత్రం స్టేజి పూలకు దూరంగా పెట్టమను. బత్తాయిల్లో ఒక్కదానికి పచ్చబూజు పట్టినా ఏరేయ్, ఆ బూజు విపరీతంగా ఇథిలీన్ వదులుతుంది.

ఇక కోల్డ్ రూమ్ సంగతి. పండ్లాయన ట్రేలు తియ్యనంటే నువ్వే ఖాళీ చెయ్, పెళ్లిళ్ల సీజన్లో ఆ అద్దె మిగులు నీకు గిట్టదు. ఊరికే చెబితే ఆయన నమ్మడు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చెరో తాజా కార్నేషన్ వేసి, ఒకదాంట్లో మాగిన అరటిపండు కూడా పెట్టి, రెండింటికీ మూతి కట్టి ఆయన గల్లాపెట్టె మీదే ఉంచు. ఎల్లుండి ఆయన చేతే విప్పించు.

నీ పెద్దమ్మ