స్నైపర్ రైఫిల్ రెప్లికా: గొలుసులు పక్కన పెట్టి నంబర్ చూసుకోండి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక స్నైపర్ రైఫిల్‌కి అచ్చంగా అలాగే ఉండే రెప్లికా చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? యుద్ధంలో వాడినట్టు పాతగా ఎలా కనిపించేలా చేయాలి? స్కోప్ (గురి చూసే దుర్బిణి), పెట్టె లాంటివి కూడా కావాలా?

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, నన్ను ఎక్కువ విసిగించేది అదే కాబట్టి. పాతగా కనిపించేలా ఏమీ చేయకండి. కర్రను గొలుసులతో కొట్టడం, సుత్తితో సొట్టలు పెట్టడం, ఇనుము మీద ఉండే బ్లూయింగ్ అనే నల్లటి పూతని గరుకు కాగితంతో గీకడం, ఇవన్నీ చేసి 'యుద్ధం చూసిన తుపాకీ' అని ఫొటోలు పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. బెటాలియన్ మొత్తంలో అందరికంటే జాగ్రత్తగా కాపాడుకున్న రైఫిల్ ఏదైనా ఉందంటే అది స్నైపర్‌దే. దానికి స్కోప్ పెట్టుకోవడానికి రేకు డబ్బా వేరుగా ఉండేది, మొత్తం సరంజామాకి చెక్క పెట్టె వేరుగా ఉండేది. మామూలు సిపాయి రైఫిల్‌తో డేరా మేకు కొట్టి ఉండొచ్చు. స్నైపర్ అలా చేస్తే ఆ పూట నుంచి గురి పోయినట్టే. చేతులు పట్టుకునే చోట నునుపు, తూటా ఎక్కించడానికి లాగే బోల్ట్ హ్యాండిల్ మీద కాస్త అరుగుదల, అంతే. అది కూడా వాడుతుంటే దానంతట అదే వస్తుంది.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. యుద్ధకాలపు బ్రిటిష్ సైన్యం వేషంలో ప్రదర్శనలిచ్చే ఒక బృందంలో సభ్యుణ్ణి. నేను తయారు చేసుకున్నది బ్రిటిష్ వాళ్ళ నంబర్ 4 మార్క్ 1 టి, అంటే వాళ్ళ మామూలు నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని స్నైపర్ల కోసం మార్చినది. అందుకని నాకు తెలిసిందల్లా దాని గురించే. మీరు వేరే దేశం రైఫిల్ అనుకుంటే సూత్రం అదే, వివరాలు వేరు.

మొదలుపెట్టాల్సింది చట్టం దగ్గర. ఇక్కడ 2006లో వచ్చిన వయొలెంట్ క్రైమ్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం నిజం తుపాకీలా కనిపించే నకిలీని తయారు చేయడమే నేరం. మ్యూజియం, నాటకం, సినిమా, చారిత్రక పునఃప్రదర్శన లాంటి కొన్ని అవసరాలకే మినహాయింపు. కాబట్టి చాలామంది చేసేదే నేనూ చేశాను. పేలకుండా శాశ్వతంగా నిర్వీర్యం చేసిన అసలు నంబర్ 4 రైఫిల్‌ని తుపాకులను పరీక్షించే ప్రూఫ్ హౌస్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో సహా కొని, పైకి 'టి'లా కనిపించేలా మార్చాను. నిర్వీర్యం చేసిన భాగాల జోలికి వెళ్ళలేదు, మీరూ వెళ్ళకండి. సరైన కారణం లేకుండా నకిలీ తుపాకీని బహిరంగంగా పట్టుకు తిరగడం కూడా ఇక్కడ నేరమే, 1968 ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందకి వస్తుంది. మీ దేశంలో చట్టం ఏమంటుందో పోలీసుల దగ్గరే కనుక్కోండి. ఇంటర్నెట్‌లో నాలాంటివాళ్ళ మాట నమ్మకండి.

ఇక రైఫిల్. నిజం చెప్పాలంటే అది సులువైన సగం. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు బాగా గురి చూపించిన నంబర్ 4లను పక్కకు తీసి హాలండ్ అండ్ హాలండ్ అనే తుపాకుల కంపెనీకి పంపేవాళ్ళు. 1942 నుంచి వాళ్ళు 20 వేలకు పైగా రైఫిళ్ళను మార్చారు. ఎక్కువ భాగం బి.ఎస్.ఎ. (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) కంపెనీ తయారీవి, వాటి మీద ఎం47సి అనే కోడ్ ఉంటుంది. బాడీ ఎడమ వైపు స్కోప్ బ్రాకెట్ కూర్చోవడానికి రెండు దిమ్మెలు, బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద రెండు స్క్రూలతో బిగించిన చెక్క చెంపదిండు, స్కోప్ లేకుండా గురి చూసే వెనక సైట్‌లో దగ్గరి గురికి వాడే రంధ్రం భాగాన్ని స్కోప్‌కి అడ్డు రాకుండా కోసేయడం. చూడగానే కనిపించే తేడాలు ఇవే. దిమ్మెల పని ఒక గన్‌స్మిత్ చేత చేయించాను. చెంపదిండు నేనే చెక్కాను, బీచ్ కర్రతో. ఆ దిండుని అలంకారం అనుకునేవాళ్ళున్నారు. స్కోప్ రైఫిల్ బాడీ మీద ఎత్తుగా కూర్చుంటుంది కాబట్టి మామూలు బట్ మీద చెంప ఆనిస్తే కన్ను కిందికి ఉండిపోతుంది. ఆ దిండు లేకుండా గడ్డం గాల్లో తేలాల్సిందే. దిండు లేని రెప్లికా పట్టుకుని పోజులిచ్చేవాళ్ళు ఒక్కసారి స్కోప్‌లోకి చూసి ఉంటే ఈ సంగతి వాళ్ళకే తెలిసేది.

అసలు తలనొప్పి స్కోప్. నంబర్ 32 స్కోప్‌ని మొదట బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ కోసం అనుకున్నారు, అందుకే అంత దిట్టంగా ఉంటుంది. దృశ్యాన్ని సుమారు మూడు రెట్లే పెద్దది చేసి చూపిస్తుంది. ఇప్పటి స్కోప్‌లకు అలవాటు పడ్డవాళ్ళు 'ఇంతేనా' అంటారు. పైన ఉన్న డ్రమ్ మీద దూరం గజాల్లో, 1000 దాకా చెక్కి ఉంటుంది. లోపల పైకి లేచిన ఒక ముల్లు, దానికి అడ్డంగా ఒక గీత. మార్కెట్లో దొరికే రెప్లికా స్కోప్‌లలో కొన్నింటి అద్దాలు ఊదా, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తాయి, ఇప్పటి కెమెరా లెన్సుల్లాగా. పది అడుగుల దూరం నుంచే దొరికిపోతుంది. అద్దాలు రంగు లేకుండా ఉన్నదాన్ని వెతికి కొనండి. గొట్టం మీద అక్షరాల గురించి తర్వాత కంగారు పడొచ్చు.

మా ప్రదర్శనకి ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యారు. ఈ టి రైఫిళ్ళనే తర్వాత 7.62 మిల్లీమీటర్ల తూటాకి మార్చి ఎల్42ఎ1 అని పేరు పెట్టి వాడారు, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో కూడా ఉన్నాయి అవి. ఆయన పనిచేసింది వాటి మీద. నా బల్ల ముందు నిలబడి, అడిగి రైఫిల్ తీసుకున్నారు. చేత్తో తిప్పే రెండు పెద్ద స్క్రూలను చూడకుండానే వదులు చేసి, స్కోప్‌ని బ్రాకెట్‌తో సహా ఊడదీసి, కింద పెట్టకుండా నేరుగా డబ్బాలో పెట్టారు. అప్పటిదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత బట్ మెడ దగ్గర, పై భాగాన, బొటనవేలు అటూ ఇటూ ఆడించారు. ఏదో వెతుకుతున్నట్టు. "ఇది ఎవరి స్కోప్?" అన్నారు.

నాదేనండీ అన్నాను. "అది కాదు. ఈ రైఫిల్‌కి ఇదే స్కోప్ అని నాకెలా తెలుస్తుంది?"

ఆయన వెతికింది స్కోప్ నంబర్ కోసం. అసలు రైఫిళ్ళలో స్కోప్ సీరియల్ నంబర్‌ని బట్ మెడ మీద కొట్టేవాళ్ళు, రైఫిల్ నంబర్‌ని బ్రాకెట్ మీద కొట్టేవాళ్ళు. ప్రతి బ్రాకెట్‌నీ ఆ ఒక్క రైఫిల్‌కే చేత్తో సరిచేసి బిగించారు. పక్కవాడి స్కోప్ తెచ్చి పెడితే కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు, గురి మాత్రం తప్పుతుంది. ఆయుధశాలలో పది స్కోప్‌లు ఊడదీసి బల్ల మీద పెట్టిన రోజున ఆ నంబర్లే దిక్కు అని ఆయన చెప్పారు. ఎవరో ఒకసారి రెండు డబ్బాలు తారుమారు చేస్తే మధ్యాహ్నమంతా మళ్ళీ జీరో చేయాల్సి, అంటే స్కోప్ గురిని తూటా తగిలే చోటికి సరిచేయాల్సి వచ్చిందట. నలభై ఏళ్ళు దాటినా ఆ మనిషి మీద ఆయనకి కోపం తగ్గలేదు.

ఆ నంబర్ కొట్టాలా వద్దా అని నేను అప్పటిదాకా తేల్చుకోలేకపోతున్నాను. నకలు మీద అసలు గుర్తులు కొట్టడం మోసానికి దారి తీస్తుందని నా భయం. ఆయనతో మాట్లాడాక ఒక గీత గీసుకున్నాను. పని కోసం కొట్టిన గుర్తు కొట్టొచ్చు, ఒకరి పనికి సంతకంలాంటి గుర్తు కొట్టకూడదు. నా స్కోప్ మీద ఉన్న నంబరే నా బట్ మీద ఉంది, అది అబద్ధం కాదు. కానీ హాలండ్ వాళ్ళ పనికి గుర్తుగా బట్ అడుగున ఉండే ఎస్51, బాడీ మీద 'టి' అక్షరం, నేను కొట్టలేదు. ఎంత అచ్చంగా ఉండాలన్నా ఈ రెండూ వద్దు. మా బృందంలో కొందరికి ఇది చాదస్తంగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. నా తర్వాత ఈ రైఫిల్ ఎవరి చేతికి పోతుందో, ఏ వేలంలో 'అరుదైన అసలైనది' అని తేలుతుందో నాకేం తెలుసు? అందుకే చెంపదిండు కింద, ఊడదీస్తేనే కనిపించేలా, ఇది నకలు అనీ చేసిన సంవత్సరం ఇదీ అనీ చెక్కాను.

వేలం అంటే గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 'యుద్ధకాలపు అసలు డబ్బా' అని స్కోప్ డబ్బా కొన్నాను. వచ్చింది చూస్తే పెయింట్ వాసన ఇంకా పోలేదు. అడిగితే 'పాత డబ్బాకి కొత్త పెయింట్' అన్నాడు. లోపల ఫెల్ట్ కూడా కొత్తదే, పట్టీ కొత్తదే, అతుకు కొత్తదే. మరి పాతది ఏమిటో ఇప్పటికీ చెప్పలేదు. అంతకుముందు ఇంకొక డబ్బాని కొరియర్ వాళ్ళు వెనక్కి పంపేశారు, ఫారం మీద 'రైఫిల్' అన్న మాట ఉందని. ఖాళీ రేకు డబ్బా అండీ అది. ఫోన్‌లో ముగ్గురికి వివరించి ఊరుకున్నాను.

పెట్టె గురించి అడిగారు కదా. కావాలి, కానీ ఆఖర్న. రైఫిల్‌కో గూడు, స్కోప్ డబ్బాకో గూడు ఉండాలి కాబట్టి అన్నీ చేతిలోకి వచ్చాక కొలతలు తీసుకుని చేయించుకోండి. ముందే చేయించి తర్వాత డబ్బా పట్టక గూడు చెక్కుకుంటూ కూర్చున్నవాళ్ళను చూశాను.

డబ్బులు మిగిలితే మాత్రం ఒక పని చేయండి. స్కౌట్ రెజిమెంట్ టెలిస్కోప్ అసలుదే కొనండి. లాగితే పొడవయ్యే ఇత్తడి గొట్టం, తోలు తొడుగు, 20 రెట్లు పెద్దగా చూపిస్తుంది. రైఫిల్ స్కోప్ మూడు రెట్లే అన్నాను కదా, శత్రువుని వెతకడానికి వాడింది దీన్నే. దానికి లైసెన్సులు, సర్టిఫికెట్ల గొడవ ఉండదు, అసలువి ఇప్పటికీ దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధ కాలంలో, 1900లో, లార్డ్ లొవాట్ స్కాట్లండ్ కొండల్లో జింకల వేటకు దారి చూపేవాళ్ళను చేర్చుకుని లొవాట్ స్కౌట్స్ అనే దళాన్ని పెట్టాడు. టెలిస్కోప్‌తో గాలించే విద్య వాళ్ళది. ప్రదర్శనలో దాన్ని ఓడ కెప్టెన్‌లా నిలబడి రెండు చేతులతో పట్టుకుని చూసేవాళ్ళే ఎక్కువ, అది తప్పు. చెయ్యి వణికితే 20 రెట్లు వణుకుతుంది. కొండవాళ్ళు వెల్లకిలా వాలి, మోకాలు మడిచి, గొట్టం కొసను మోకాలికి ఆనించి చూసేవాళ్ళు. మీరూ అలాగే చూడండి. ఎవరైనా ఎందుకలా పడుకున్నావని అడిగితే టెలిస్కోప్ వాళ్ళ చేతికే ఇచ్చి నిలబడి చూడమనండి.